నొప్పికి సరిపడా శబ్దం

మార్చి 3

డాక్టర్ మళ్లీ అదే అడిగాడు. నొప్పి పదిలో ఎంతమ్మా అని. స్ట్రోక్‌తో నా భార్యకి మాటతో పాటు అంకెలూ పోయాయి. మూడు వేళ్లు చూపించింది, తర్వాత ఏడు, తర్వాత ఊరికే నవ్వింది. మూడు అని రాసుకున్నాడు. పడిపోయిన ఆ కుడిచేతికి దుప్పటి అంచు తగిలినా విలవిల్లాడిపోతుంది. అది అతని గదిలో కనపడదు.

మార్చి 6

నేను పనిచేసే క్లినిక్‌కి వినికిడి పరీక్షకొచ్చిన ఒక పెద్దాయన హెడ్‌ఫోన్స్ తీసేసి, ఈ కూతకంటే మీ ట్యూబ్‌లైటే గట్టిగా ఉంది బాబూ అన్నాడు. నవ్వేశాను. భోజనం దగ్గర, ముద్ద నోట్లో ఉండగా తట్టింది. వెలుగునీ శబ్దాన్నీ పక్కపక్కన పెట్టి తూచగలిగితే నొప్పిని ఎందుకు తూచలేం?

మార్చి 7, ఆదివారం

క్లినిక్ తాళాలు నా దగ్గరే ఉంటాయి. తనని వీల్‌ఛైర్‌లో తీసుకెళ్లాను. తన చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించి, దీపం సన్నగా పెట్టి, దీనంత శబ్దం పెట్టు అని సైగ చేశాను. ఎడమచేత్తో శబ్దం పెంచే డయల్ కొంచెం తిప్పింది. వెలుగు పెంచితే ఇంకాస్త తిప్పింది. ఉప్పునీళ్ల చుక్క నాలిక మీద వేశాను. పలచనివైతే తక్కువ, చిక్కనివైతే ఎక్కువ. అర్థమైంది తనకి! ఎగిరి గంతేసినంత పని చేశాను.

అప్పుడు కుడిచెయ్యి చూపించాను. ఇది ఎంత?

తన హెడ్‌ఫోన్స్ తీసి నా చెవులకి పెట్టింది. తిప్పుతూ పోయింది. నా కళ్లలో నీళ్లొచ్చాయి. చాలు చాలు అని అరిచి లాగి పారేశాను. డయల్ చివరికంటా వెళ్లి ఆగిపోయింది. తన చెయ్యి మాత్రం ఇంకా తిప్పాలనే చూస్తోంది.

నేను లాగి పారేయగలిగాను.

మార్చి 9

డయల్ సంగతి చెబితే, మోకాలికీ బోడిగుండుకీ ముడిపెడతారేంటండీ అన్నాడు డాక్టర్. పక్కనే ఉన్న వదిన, నా భార్య సొంత అక్క, లేచి నిలబడింది. మందు రాస్తారా, ఆ కూత మీ చెవిలో పెట్టించమంటారా అని అడిగింది. రాశాడు.

మార్చి 16

మళ్లీ క్లినిక్‌కి తీసుకెళ్లి కుడిచెయ్యి చూపిస్తే డయల్ ముట్టుకోలేదు. గట్టెక్కాం మరిదీ అని వదిన భోరున ఏడ్చింది. నేనూ.

మార్చి 18

దీపం పెట్టాను. తిప్పలేదు. చిక్కటి ఉప్పునీళ్లు మింగేసింది, ముఖం చిట్లించను కూడా లేదు. పిచ్చివాడిలా నన్ను నేనే చూపించుకున్నాను. నేనెంత? చెయ్యి డయల్ మీద అలాగే పడి ఉంది.

మార్చి 19

వదినతో గొడవ. ఇన్నాళ్లకి కంటినిండా నిద్రపోతోంది, నిన్ను చూసి నవ్వడం కోసం దాన్ని మళ్లీ మంటల్లోకి తోస్తావా అంది. తననే అడుగుదాం అన్నాను. అనేశాకే తెలిసింది. తను జవాబు చెప్పాలంటే మందు తగ్గించాలి.

మార్చి 22

డాక్టర్ సరేనన్నాడు. సగం తగ్గించాం. వదిన బ్యాగు సర్దుకుని వెళ్లిపోయింది.

మార్చి 23

పొద్దున నన్ను చూసి నవ్వింది. తర్వాత అరవడం మొదలుపెట్టింది.

మందు కావాలో వద్దో ఇంకా అడగలేదు. నాకే నోరు రావడం లేదు.