తెర మీది నిమిషం

మీకు నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ అత్తయ్య, వదిన, పాప, నేను కులాసా. అత్తయ్య మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి, నోరూ ఎప్పటిలాగే ఉంది. మీ వంతెన పని దగ్గర ఎండలు మండుతున్నాయని రాశారు. తలకు గుడ్డ కట్టుకోండి.

మా పెద్ద మేడమ్ ఏం చేస్తారని అడిగారు. పనిలో చేరిన కొత్తలో ఆవిడెవరో తెలియక, కాళ్లు తీయమని చీపురుతో సైగ చేశాను. చిన్నపిల్లలా రెండు కాళ్లూ పైకెత్తి కూర్చున్నారు. తర్వాత తెలిసింది, వైద్య విశ్వవిద్యాలయం మొత్తానికి ఆవిడే పెద్ద! ముప్పై ఏళ్ల కిందట అడిగి తెచ్చుకున్న కెమెరాతో పాఠం తీస్తుంటే, "టీవీ పెట్టెలోంచి వైద్యం నేర్పుతుందట" అని తోటి డాక్టర్లు నవ్వారట. ఇప్పుడు ఆవిడ నేను ఊడ్చే గదిలో కెమెరా ముందు చెప్పింది ఎక్కడో కొండ మీద ఒక నర్సు ఫోనులో చూసి కాన్పు చేస్తుంది. ఒకరోజు ఆ నర్సు బిడ్డను ఎత్తుకుని తెర మీద కనిపించింది. నేను ఊడవడం మరిచి అలాగే నిలబడిపోయాను.

పాఠం తయారవగానే ముందు నాకే చూపిస్తారు. "ఈ అమ్మాయికి అర్థమైతే అందరికీ అర్థమైనట్టే" అంటారు. నేను తల ఊపుతాను. ఆవిడ సంతకం పెడతారు. అలా అరవై రెండు పాఠాలు.

ఇక రాయక తప్పని సంగతి. రెండు రోజులుగా కాగితం తీసి మడిచి పెడుతున్నాను.

పోయిన వారం వదిన పాపకు జలుబు చేసి ఆయాసం వచ్చింది. పాఠంలో చూసినట్టే చొక్కా పైకి తీసి ఊపిరి లెక్కపెట్టాను. ఏడాదిలోపు పిల్లలకు నిమిషానికి యాభై దాటితే ఆస్పత్రికి పరుగెత్తాలని పాఠం. నాకు పదకొండు వచ్చింది. "ఏం లేదు వదినా, బాగానే ఉంది" అన్నాను గొప్పగా. సాయంత్రం అత్తయ్య చూసి, "ఏమే, డొక్కలు అలా లోపలికి పోతుంటే బాగుందంటావా? నడవండి!" అని మా అందరికంటే ముందు నడిచింది. పాప మూడు రోజులు ఆస్పత్రిలో ఉంది. ఇప్పుడు ఆడుకుంటోంది, కంగారు పడకండి.

ఆస్పత్రిలో నర్సు గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టింది. పాఠంలో ఆ చోటు మరీ సాగిందని కత్తిరించి పది సెకన్లే ఉంచారట. తెర మీద చూపించినంతసేపే నిమిషమనుకున్నాను. నిమిషం ఇంత తొందరగా అయిపోయిందేమిటని పాఠం చూసినప్పుడే అనిపించింది. పెద్దవాళ్లను ఏం అడుగుతాంలే అని తల ఊపాను.

ఆ పాఠం సోమవారం ఊళ్లలోని తొమ్మిది వేల మంది ఆరోగ్య కార్యకర్తలకు వెళ్లాలి. పని పోతుందనుకునే నిన్న పొద్దున్నే వెళ్లి, అర్థం కాకుండానే తల ఊపానని మేడమ్‌కు చెప్పేశాను.

ఆవిడ పాఠాల జాబితా ముందుకు లాక్కున్నారు. "ఇలా ఇంకెన్నిసార్లు ఊపావమ్మాయ్?"

"తెలీదండీ. చాలాసార్లు."

"ఈమెను మార్చేద్దాం మేడమ్. చదువుకున్నవాళ్లను పెడదాం" అన్నాడు కెమెరా ఆయన.

"వాళ్లు ఇంకా బాగా ఊపుతారయ్యా" అన్నారావిడ. కళ్లజోడు తీసి, "ముప్పై ఏళ్లలో నా ముందు ఎంతమంది ఊపారో" అని కూర్చుండిపోయారు. అంత పెద్దావిడ!

ఆ పాఠం ఆపించేశారు. తన కుర్చీ నాకు జరిపి, తాను స్టూలు మీద కూర్చుని మొదటి పాఠం పెట్టించారు. "అర్థం కానిచోట ఆపమను" అన్నారు. చీకటి పడేసరికి ఆ ఒక్క పాఠమే అయింది. పదిహేడుసార్లు ఆపమన్నాను. ఒక్కసారి కూడా విసుక్కోలేదు, ప్రతిసారీ రాసుకున్నారు.

నా లెక్క ఎలా తప్పిందో వదినకు ఇంకా చెప్పలేదు. ఈ ఉత్తరం డబ్బాలో వేసి, తిన్నగా ఆమె దగ్గరికే వెళ్తున్నాను.

ఇట్లు,
మీరేమంటారోనని ఎదురుచూసే
మీ ఇల్లాలు