ఎనిమిదింటి బస్సుకు డ్రైవరు

నవంబరు 14, ఆదివారం

చిరంజీవి తమ్ముడికి,

బావ ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయబోయి ఆగాను. ఇక్కడ నేను క్షేమం. నువ్వూ, అమ్మాయీ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

ఆ రోజు సంగతి మనిద్దరం ఇంతవరకూ మాట్లాడుకోలేదు. జరిగింది రాస్తున్నాను. మధ్యాహ్నం మీ అక్క డయాలిసిస్‌కు టౌనుకు వెళ్లింది. తోడు వస్తానంటే ఎప్పటిలాగే, తమ్ముడి బస్సుండగా నాకు తోడెందుకు అంది. సాయంత్రం నీ బస్సు వచ్చింది. ఆమె దిగలేదు. అక్క రాలేదు బావా, చెకింగాయన ఎక్కి కూర్చున్నాడు, ఆగలేకపోయాను అని నువ్వు సీట్లోంచే చెప్పావు. తర్వాత ఎవరిదో పాల వ్యాను ఆమెను అడ్డరోడ్డు దగ్గర దింపిందట. అక్కణ్ణుంచి నడక. నేను సైకిలు మీద వెళ్లేసరికి కల్వర్టు గోడకు ఆనుకుని ఉంది. చెప్పులు విప్పి పక్కన సర్దిపెట్టుకుంది. పిలిచాను. అంతే.

ఉదయంపూట ఆసుపత్రిలో మంచం దొరకదు. మధ్యాహ్నం ఎక్కిస్తే నాలుగు గంటలు పడుకోవాలి. అలా పడుకుంటే ఆరింటి బస్సు అందదు. అదే ఆఖరి బస్సు. అందుకే మూడు గంటలు మాత్రమే పడుకుని, సూదులు తీయించుకుని వచ్చేసేది. అయినా ఆలస్యమయ్యేది. నువ్వు దిగి టైర్లు తన్ని చూస్తున్నట్టు నటించేవాడివి. మీ అక్కయ్య వస్తే గానీ నీ టైర్లకు గాలి నిండదేమయ్యా అని జనం ఆటపట్టించేవాళ్లు. ఆమె ఇంటికొచ్చి చెప్పి నవ్వేది.

ఇప్పుడు సంగతి. మన దారికి రాత్రి ఎనిమిదింటి బస్సు మంజూరైంది. టిక్కెట్ల రాబడి చాలకపోతే లోటు ప్రభుత్వమే భరిస్తుందట. మొదటి అర్జీ మీ అక్కదే. బస్సు డిపోలో సిద్ధంగా ఉంది. డ్రైవరే లేడు. తోలేవాడు రాత్రికి మా ఊళ్లోనే పడుకోవాలి. దోమలకు భయపడేవాళ్లు కొందరు, పెళ్లాలకు భయపడేవాళ్లు కొందరు, నన్నేం చెయ్యమంటారు మాస్టారూ అన్నాడు మేనేజరు. ఈ వారంలో ఎవరూ కుదరకపోతే బస్సును వేరే రూటుకు పంపేస్తారు.

మన దారిలో ఇంకా ముగ్గురు అవే మంచాల మీద నుంచి మధ్యలో లేచి వస్తున్నారు. ఒకరు మీ అక్క స్నేహితురాలు, దర్జీ ఆవిడ. కాళ్లు స్తంభాల్లా వాచాయి. మీ బావమరిదిని ఒక్కమాట అడిగి చూడండి అన్నయ్యగారూ, మిషను తొక్కే కాళ్లివి, నడవనంటున్నాయి అంది.

నువ్వు స్టీరింగు వదిలి మామగారి కోళ్లకు గింజలు చల్లుతున్నావని విన్నాను. నువ్వు లేకపోయినా వాటికి గడుస్తుంది. మా ముందుగది ఖాళీగానే ఉంది. మంచం వాల్చి, దోమతెర కట్టాను.

ఇట్లు,
మీ బావ

తా.క.: ఇది ఉత్తరం మొదట్లోనే రాయాల్సింది. చెయ్యి రాలేదు. ఆసుపత్రిలో ఉండిపోయిన మీ అక్క శాలువా తెచ్చుకుందామని నిన్న వెళ్లాను. నర్సు చెప్పింది. ఆ రోజు ఆయాసం ఎక్కువైందట. ఇవాళైనా నాలుగు గంటలూ ఉండమ్మా అని డాక్టరు బతిమాలితే సరేనందట. ఇంటికెలా వెళ్తావంటే, ఏదో ఒకటి దొరక్కపోతుందా అందట. బయల్దేరేటప్పుడు నువ్వు కొట్టే రెండు హారన్లూ కిటికీలోంచి వినబడ్డాయట. మావాడు వెళ్లిపోయాడు, ఇక తొందరేం లేదు అని కళ్లు మూసుకుందట. తమ్ముడూ, నువ్వు ఆమెను వదిలి వెళ్లలేదు. ఎంతసేపు ఆగినా ఆమె వచ్చేది కాదు.

ఇది పోస్టులో వేయను. నోటితో చెప్పలేను కాబట్టి రాశాను. రేపు పొద్దున్న మొదటి బస్సుకు నేనే తెచ్చి నీ చేతికిచ్చి, నువ్వు చదివేదాకా అరుగు మీద కూర్చుంటాను. చదివాక ఏమీ మాట్లాడనక్కర్లేదు. చొక్కా వేసుకుని రా. డిపోకు కలిసి వెళదాం.