సీలు విప్పని వాలెట్

మల్లేశూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ ఎడారి దేశంలో శుక్రవారం సెలవు కదా, డ్యూటీ లేదు. మనిద్దరం వారం వారం వెళ్ళే నయీమ్ పేటలోని మొబైల్ షాపుకే కాళ్ళు తీసుకెళ్ళాయి. షాపు భాయ్ నేను అడగకముందే కంప్యూటర్లో ఆ వాలెట్ కంపెనీవాళ్ళ కాయిన్ల జాబితా తీశాడు. నువ్వు కొన్న క్రిప్టో కాయిన్‌ని కూడా ఇప్పుడు ఆ హార్డ్‌వేర్ వాలెట్‌లో, ఫోన్‌లో కాకుండా విడిగా, భద్రంగా దాచుకోవచ్చట, కొత్తగా చేర్చారట.

"దోస్త్‌కో బోలో భాయ్, ఖుష్ హో జాయేగా" అన్నాడు, నీకు చెబితే సంబరపడతావని.

నువ్వు పోయాక నేను అటు వెళ్ళడం ఇవాళే, నువ్వు లేవని అతనికి తెలియదు. సరేనని తలూపి వచ్చేశాను.

నీ కాయిన్ పేరు ఆ జాబితాలోకి ఎక్కేదాకా, ముందే కొని పెట్టుకున్న వాలెట్ డబ్బా సీలు విప్పనని ఎంత మొండికేశావు! "ఫోన్ల ఉంచాలంటే భయమైతుందన్నా. ఫోన్ పలిగితే అంత పాయె" అనేవాడివి. డ్యూటీలో, కడుతున్న బిల్డింగ్ పైఅంతస్తు నుంచి నువ్వు పడ్డ రోజు ఆ ఫోన్ నీ జేబులోనే ఉంది.

నీ సామాను ఇంటికి పంపినప్పుడు ఈ డబ్బా ఒక్కటి నా పెట్టెలో ఉండిపోయింది. సాయంత్రం మీ ఆవిడ లక్ష్మికి వీడియో కాల్ చేసి, పంపిస్తానని చెప్పి, డబ్బా మీది బొమ్మ చూపించాను. ఇవాళే నీ ఏడాది పెట్టి, అప్పుడే అందరినీ సాగనంపిందట. బొమ్మను చాలాసేపు చూసింది.

"పెన్‌డ్రైవ్ లెక్క ఉన్నది గదన్నా. ఫోన్ల ఫోటోలన్నీ పాయె. అండ్ల ఏమన్న దాసిండా?"

నువ్వు విప్పని ఆ సీలు నా బొటనవేలి కిందే ఉంది.

"చూసి చెప్త చెల్లే" అన్నాను.