తాతయ్య దింపిన బాతులు

అక్టోబరు 19, ఆదివారం

చిరంజీవి మనవరాలికి,

అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం అని రాయడం మర్యాద. సగం క్షేమం అని రాస్తున్నాను. మిగతా సగం కోసమే ఈ ఉత్తరం. అక్షరాలు గీత దాటుతున్నాయని వెక్కిరించకు, కలం కొత్తది.

సముద్రపు ఒడ్డున మన పిట్టల గుడిసె గుర్తుందిగా? వలస పిట్టలు దిగే రోజులు కదా, పొద్దున్నే టెలిస్కోపుతో బయల్దేరుతున్నాం. మోసేది తాతయ్య, ఆ సణుగుడు మోసేది నేను. గుడిసెలో నల్లబల్ల మీదికి ఏ పిట్ట పేరు ఎక్కాలన్నా ఇద్దరం చూసి తీరాలన్నది మా చట్టం. ఒక్కరే చూస్తే ఆ పిట్ట రానట్టే. ఈ చట్టం పట్టుకుని ఆయన్నెంత ఏడిపించానో నీకు తెలుసు.

నిన్న పోటు తీసి బురద తేలింది. ఉల్లంకి పిట్టలు ఈలలేస్తున్నాయి. ఉన్నట్టుండి తాతయ్య, అదుగోనే బాతులు, పెద్ద గుంపే దిగింది, చూడు చూడు అంటూ నన్ను టెలిస్కోపు ముందుకు లాగారు. అక్కడ బాతులు లేవే తల్లీ! వట్టి బురద. మొన్ననే కళ్లజోడు ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా గాలించిన మనిషి. లేవంటే ఏమైపోతారోనని, అవునండీ, ఎంత ముద్దుగా ఉన్నాయో అనేశాను. జన్మలో మొదటిసారి చట్టం తప్పాను. బల్ల మీద సుద్ద గీసిన చప్పుడే లేదు. టెలిస్కోపు సర్దేసి ఇంటికి పదమన్నారు.

ఆయన బుర్రకేదో అవుతోందే. నువ్వు డాక్టరువి, సెలవు పెట్టి రా. చూడ్డానికొచ్చినట్టు రా, పరీక్షించడానికొచ్చినట్టు కాదు. మెడలో ఆ గొట్టాలు వేసుకుని దిగావో, గుమ్మంలోంచే పంపించేస్తారు.

దిగులుతో,
మీ అమ్మమ్మ

తా.క.: ఉత్తరం మడుస్తుంటే తాతయ్య వచ్చి పక్కన కూర్చున్నారు. నిన్న బాతులే లేవట. మొన్న నీళ్లలో తేలే డబ్బాని కొంగ అన్నానట నేను. నా చూపు సంగతి తేల్చుకుందామని లేని బాతుల్ని దింపారట. ఆయన బుర్ర గుండ్రాయిలా ఉందమ్మా. నా కళ్లకేం, మీ మాట కాదనలేక అన్నానని దబాయించాను. సగం నిజమేగా!

మరి బాతులు లేవని నాకెలా తెలిసిందంటావా? బాతులు నోరు మూసుకుని దిగవు. అరుపు వినపడలేదు, అంతే. ఆ బురద కూడా నేను చూళ్లేదే. కొన్నాళ్లుగా టెలిస్కోపులో నాకు కనిపించేదంతా పొగమంచే. ఆయనకి ఒక్కదాన్నే చెప్పలేను, పక్కన నువ్వుండాలి. త్వరగా రా. రేపో మాపో నిజం బాతులు దిగుతాయి. నేను చూడందే, పాపం, అవి రానట్టే.