దర్వాజ ఆపొద్దమ్మా

అమ్మకు దండం పెట్టి, బొంబాయి నుంచి నీ బిడ్డ బాలమణి రాస్తున్నది. మేమిద్దరం ఇక్కడ బాగానే ఉన్నాం. నువ్వు, తమ్ముడు, మరదలు, పిల్లలు అందరూ బాగున్నారని తలుస్తున్నాను. నీ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? అమ్రాబాద్ దవాఖానలో ఇచ్చిన మందు రాసుకుంటున్నావా, సీసాను గూట్లో పెట్టి చూసుకుంటున్నావా? నా గురించి ఫికర్ చేయకు. నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను.

తమ్ముడూ, ఈ ఉత్తరం అమ్మకు మొత్తం చదివి వినిపించు. సగం దాటేసి "అందరు మంచిగున్నరంట" అని మడిచి పెట్టే నీ అలవాటు నాకు తెలుసు. ఈసారి ఆ పని చేస్తే ఊరుకోను.

ఇక్కడ చలి లేదు. సముద్రపు గాలి జిడ్డుగా ఒంటికి అంటుకుంటుంది, ఆరేసిన చీర కూడా సరిగా ఆరదు. పెద్ద పెద్ద బిల్డింగులు కడుతున్న చోట రేకుల కింద ఉంటున్నాం. ఆ బిల్డింగు పూర్తయిన రోజు రేకులు విప్పుకొని ఇంకో చోటికి పోవాలి. నేను ఇసుక, ఇటుక మోస్తున్నాను. బరువు తగ్గించమని అడిగితే మేస్త్రీ కొంచెం తగ్గించాడు, అతను చెడ్డవాడు కాదు. బియ్యం ముక్కిన వాసన వస్తాయి. జొన్నపిండి దొరికిన రోజు నీ అల్లుడు పండుగ చేసుకుంటాడు. నేను చేసిన రొట్టె మాత్రం నీ రొట్టె లెక్క కాదని ప్రతిసారీ అంటాడు, అంటూనే ఇంకోటి అడుగుతాడు. మన పక్క నుంచి ఎవరైనా వస్తుంటే పండుమిరప తొక్కు కొంచెం పంపు. నోరు చప్పబడిపోయింది.

ఇక అసలు సంగతి. తమ్ముడి ఉత్తరం మొన్న వచ్చింది. అది చదివినప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. సొంత ఇల్లు లేని పేదలకు సర్కారు ఇచ్చే ఇల్లు నా పేరు మీద వచ్చిందని తెలిసిన రోజు ఎంత సంబరపడ్డామో నీకు తెలుసు. పునాది లేచింది, దానికి బిల్లు కూడా ఇచ్చారు. వడ్లాయన వేపకర్రతో దర్వాజ చేసి ఇచ్చాడు. అంతలో నేను కడుపుతో ఉన్నానని రాసిన ఉత్తరం మీకు చేరింది. అంతే, నువ్వు పని ఆపించావట. "నా బిడ్డ కడుపుతోటి ఉండంగ దర్వాజ ఎట్ల ఎత్తుతర్రా? ఒక్కసారి అయింది సాలదా?" అన్నావట.

ఆ తర్వాత ఆఫీసరు చూడటానికి వచ్చి, ఉత్త పునాది మీద మేకలు పడుకొని ఉండటం చూసి ఏమన్నాడో కూడా తమ్ముడు రాశాడు. "మార్చి దాటెలోపల గోడలు లేవకపోతె గీ ఇల్లు ఇంకొకరికి రాసిస్త. అడిగెటోళ్లు శానమంది ఉన్నరు" అన్నాడట. ఇంటి ఆడమనిషి కడుపుతో ఉంటే కొత్త దర్వాజ ఎత్తొద్దన్న మన ఆచారం ఆయనకు ఎవరు చెప్పాలి? చెప్పినా వింటాడా? సర్కారుకు మార్చి ముఖ్యం, నా నెలలు కాదు. నేను కనేది ఎండాకాలం నడుమ.

అమ్మా, నీ భయం నాకు తెలియనిది కాదు. తొలిచూలు అప్పుడు మా అత్తగారింట్లో కొట్టానికి కొత్త దర్వాజ ఎత్తారు. వద్దని నువ్వు కబురు చేసినా మామ వినలేదు. ఆ తర్వాత పుట్టిన పిల్ల ఏడవలేదు. దర్వాజ వల్లే అయిందని ఊరంతా అన్నది. నాకు అంతకు ముందు నుంచే జ్వరం కాస్తుండేది, నొప్పులు వచ్చినప్పుడు బస్సు కూడా రాలేదు. దేనివల్ల అయిందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఎవరైనా కొత్త దర్వాజ అంటే చాలు, నా చేయి దానంతట అదే కడుపు మీదికి పోతుంది.

నీ అల్లుడు నాకంటే ఎక్కువ భయపడుతున్నాడు. తమ్ముడి ఉత్తరం చదివి వినిపిస్తే, "పోనీ తియ్యి. ఇల్లు పోతె ఇంకో యేడన్న వస్తది. పానం పోతె వస్తదా?" అన్నాడు. "ఇంకో యేడు ఎవరిస్తరు? మళ్ల నా పేరు రాస్తరా?" అని నేను గట్టిగానే అడిగాను. "నాకు తెల్వదు. నువ్వు, బిడ్డ మంచిగుంటె సాలు" అని బయటికి పోయాడు. అతని మీద కోపం రాలేదు. ఏడుపొచ్చింది.

నాకు రెండు దిక్కులా భయమే. నాయిన ఉన్నప్పుడు పటేలు జాగాలో మన గుడిసె ఉండేది కదా. ఆ జాగా మాకు కావాలి, లేవండి అన్న రోజు నువ్వు తడిసిన గడ్డి, వాసాలు నెత్తిన పెట్టుకొని నడిచావు. పొయ్యి రాళ్ల గంప నాకు ఎత్తావు. ఎక్కడికి పోతున్నామని అడిగితే "నడువు బిడ్డా" అన్నావు, ఎక్కడికో నీకే తెలియదు. ఇప్పుడు ఇక్కడ రేకులు విప్పమన్నప్పుడల్లా నాకు ఆ రోజే గుర్తొస్తుంది. నా బిడ్డ కూడా అట్లా గంప మోస్తుందేమోనని భయం.

ఒక సంగతి నీ అల్లుడికి కూడా ఇంకా చెప్పలేదు. నీకే చెబుతున్నాను, తిట్టకు. పోయిన వారం మేము పని చేసే బిల్డింగులో ఒకళ్ల ఇంటికి దర్వాజ నిలబెడుతున్నారు. నేను ఇటుకలు దించి పోతుంటే, అక్కడి వడ్లాయన పిలిచి దర్వాజ చట్రం కదలకుండా పట్టుకోమన్నాడు. చేతులు ఖాళీగా ఉన్నది నేనొక్కదాన్నే. కాదంటే ఎందుకని అడుగుతాడు, ఆ భాషలో నేనేం చెప్పాలి? పట్టుకున్నాను. ఒక పక్క నేను, ఒక పక్క అతను. నా కడుపు ఆ చెక్కకు ఆనుతూనే ఉంది. ఇంటి ఆమె వచ్చి దర్వాజకు పసుపు కుంకుమ పెట్టి, అందరితో పాటు నా చేతిలో కూడా మిఠాయి పెట్టింది. నా కడుపు చూసి నవ్వింది కూడా.

నేను మాత్రం ఆ మిఠాయి తినలేకపోయాను. మిగిలిన పని చేస్తున్నంతసేపూ కడుపు మీదే ధ్యాస. బిడ్డ కదలడం లేదు. నీళ్లు తాగాను, పక్కకు ఒరిగి కూర్చున్నాను, అయినా కదలడం లేదు. నాతో పని చేసే మహబూబ్‌బీ, ఆమెది నార్కట్‌పల్లి, నా మొహం చూసి ఏమైందని అడిగింది. చెప్పాను. ఆమె నవ్వలేదు. నా పక్కన కూర్చొని, "జర ఆగు బిడ్డా, నేను గూడ నీతోటే కూసుంట" అని కడుపు మీద చేయి పెట్టింది. పొద్దుగూకే వేళకు బిడ్డ తన్నింది. ఇద్దరికీ తెలిసింది. మహబూబ్‌బీ అప్పుడు నవ్వింది. నేను ఏడ్చాను.

అమ్మా, అప్పటి నుంచి ఒకటే ఆలోచన. ఈ బిల్డింగులో ఇన్ని దర్వాజలు లేచాయి. అన్నిటికీ నేనే ఇటుక మోశాను, ఒకటి చేతులారా పట్టుకున్నాను. అప్పుడు కడుపుతో ఉన్నదానివి దూరం పో అని ఎవరూ అనలేదు. వాళ్ల ఇళ్లు ఆగలేదు. నా ఇల్లు ఒక్కటే నా కడుపు కోసం ఎందుకు ఆగాలి? ఇది పొగరుతో అంటున్న మాట కాదు. నాకు భయం పోలేదు. వంకర పోయిన ఈ అక్షరాలు చూస్తే తమ్ముడికి తెలుస్తుంది.

అయినా చెబుతున్నాను. ఈ ఉత్తరం అందగానే వడ్లాయనను పిలిపించు. మూఢమో, మంచిరోజో అని చూడకండి, మార్చి ఆగదు. తమ్ముడు, మరదలు కలిసి దర్వాజ నిలబెట్టాలి. నీ అల్లుడికి నేను చెప్పుకుంటాను. రేపు ఏదైనా జరగరానిది జరిగితే ఎత్తమన్నది నేను, నువ్వు కాదు. ఎవరు ఎన్ని అన్నా నిన్ను ఒక్క మాట అననివ్వను. నువ్వు మాత్రం ఇంట్లో మూలకు కూర్చొని ఏడవకు. దర్వాజ దగ్గరికి వచ్చి నిలబడు. నీకు ఇంతవరకు సొంత దర్వాజ లేదు కదా.

చిన్నవ్వకు, మేనత్తకు, పెద్దలందరికీ నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నన్ను, పుట్టబోయే బిడ్డను దీవించు, గట్టిగా దీవించు. ఉత్తరం అందిందని జవాబు రాయొద్దు. దర్వాజ లేచిందని రాయండి.

నీ బిడ్డ,
బాలమణి