గైడ్ వోకల్

జూన్ 3

మా బ్యాండ్‌లో పాడే హరీష్‌కి కొత్త పాట ట్యూన్ ఎక్కడం లేదు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో దొరకడం లేదట. బడంగ్‌పేట్‌లో, రికార్డింగ్ చూసుకునే అభిలాష్ రూమే మా స్టూడియో. నువ్వు ఒకసారి గైడ్ వోకల్ పాడి పెట్టు, అది విని హరీష్ ఫైనల్ పాడతాడు అని అభిలాష్ నన్ను మైక్ ముందు నిలబెట్టాడు. నేను బేస్ గిటార్ వాయిస్తాను. పాట రాసింది నేనే అయినా పాడటం నా పని కాదు. అందుకే అచ్చం హరీష్‌లా పాడాను. ఆ లాగుడు, ఆ ముక్కు గొంతు, చివర్లో ఆ జీర. ఇద్దరూ పడీపడీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

జూన్ 9

హరీష్ ఫైనల్ పాడేశాడు. బాగుంది. చాలా బాగుందా? ఏమో. అన్నిసార్లు విన్నాక ఏ పాటైనా కుక్కర్ విజిల్‌లాగే ఉంటుంది.

జూన్ 14

పాట పేరు ‘ఇక్కడే దిగాలి’. మెట్రోలో నిద్రపోయి ఎల్బీనగర్‌లో, ఆఖరి స్టేషన్‌లో లేచే మనిషి గురించి. హరీష్‌కీ ఇదే ఆఖరి ఛాన్స్. ఇది ఆడకపోతే బ్యాండ్ మానేసి, మన్సూరాబాద్‌లో వాళ్ల ప్లాట్ల ఆఫీసులో కూర్చుంటానని వాళ్లమ్మకి మాటిచ్చాడు.

జూన్ 20, శుక్రవారం

రిలీజ్. దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను.

అది నేను.

మళ్లీ విన్నాను. నేనే.

అదే రోజు, సాయంత్రం

అభిలాష్ తల పట్టుకున్నాడు. మిక్స్ తీసేటప్పుడు గైడ్ మ్యూట్ చేయబోయి హరీష్‌ని మ్యూట్ చేశాడట. ఆ ఫైల్ ముగ్గురం ఫోన్ స్పీకర్‌లో విని ఓకే అన్నాం. గొంతు మీద గరగరలాడే డిస్టార్షన్ ఎఫెక్ట్ దట్టంగా ఉంది, నిజమే. కానీ హరీష్ కూడా పోల్చుకోలేదు. నేనూ పోల్చుకోలేదు. ఇప్పుడేమో హరీష్ ఫోన్ ఎత్తడం లేదు.

తీసేసి మళ్లీ పెడదామని నేనే అన్నాను. అన్నాక, వద్దనిపించింది.

జూన్ 22

హరీష్ ఫోన్ చేశాడు. వాళ్లమ్మ నాగేశ్వరి ఆంటీ కారులో పాట విని, కారు పక్కకి ఆపి ఏడ్చిందట. నీ గొంతుల గింత బాధుందని నాకు తెల్వకపాయె బిడ్డా, ప్లాట్లు యాడికి పోతయ్, నువ్వు పాడుకో అన్నదట. ఇప్పుడు మా అమ్మకు ఎట్ల చెప్పాల్రా, జర ఎవ్వరికీ చెప్పకు అని వీడూ ఏడ్చాడు. సరే అన్నాను.

కోపం రావాలి కదా. రాలేదు. ఎందుకు రాలేదో తెలియక ఇప్పుడు వస్తోంది. వాడిలా పాడాను కాబట్టి గొంతు వాడిదేనా? మరి ఆంటీకి వినిపించిన బాధ ఎవరిది?

జూన్ 27

కామెంట్లన్నీ హరీష్ గొంతు గురించే. ఎవడో, బేస్ ఎక్కువైంది అని పెట్టాడు.

జూలై 1

శనివారం ఎల్బీనగర్‌లో ఒక కేఫ్‌లో షో. ఆంటీ వస్తుందట. నువ్వెట్ల పాడినవో గట్లనే నేర్పు అని హరీష్ ఇంటికొచ్చాడు. నేర్పాను. నేను నిన్నే కదరా ఇమిటేట్ చేసింది అన్నాను. నేనెప్పుడన్న గిట్ల పాడిన్నా అన్నాడు.

ఎంత ఆలోచించినా, పాడినట్టు గుర్తు రాలేదు.

జూలై 6

షో అయిపోయింది. హరీష్ బాగానే నెట్టుకొచ్చాడు.

అమ్మ ఇవాళ పాట పెట్టమంది. విని, ఆ అబ్బాయి భలే పాడాడ్రా, నువ్వే ఎక్కడా వినపడవేంటి అంది. నాది బేస్ కదమ్మా, కింద ఉంటుంది అన్నాను. అయితే ఇంకోసారి పెట్టు, ఈసారి నీది మాత్రమే వింటాను అని కళ్లు మూసుకుంది.

పెట్టాను.