ఇద్దరి బియ్యం

కూకట్‌పల్లి,
1979 ఆగస్టు 12.

శ్రీవారికి నమస్కారాలు.

నేను కులాసా. జెనీవాలో చలి మొదలుకాక ముందే స్వెట్టర్ బయటికి తీసి ఎండలో వేసుకోండి.

ప్రతి కణానికీ బరువైన జత కణం ఒకటి ఉండాలనీ, అది కంటికీ యంత్రానికీ కనపడదనీ రాశారు. కణాలను ఢీకొట్టించాక, ముందున్న శక్తిలో కొంత లెక్కకు రాకపోతే, అది అక్కడ ఉండి వెళ్లినట్టేనన్నారు. మూడుసార్లు చదివాక అర్థమైంది. ఇంతవరకు ఒక్క ఆనవాలూ దొరకలేదు, ఇంకో ఏడాది ఉండనా అని అడిగారు. ఉండమని కిందటి వారం రాసేశాను.

నిన్న మన ఇల్లుగలావిడ సత్తెమ్మ అన్నం గిన్నె చూసి, "ఏందమ్మా, ఒక్కదానికి గింత అన్నమా? మీ సారు గిట్ల వచ్చిండా ఏంది? మా బర్రె మాత్రం మంచిగ బలిసింది" అని నవ్వింది. నేనూ నవ్వాను. మిగిలిన అన్నం రోజూ ఆ బర్రెకే పెడుతున్నాను గానీ, ఎందుకు మిగులుతోందో ఎన్నడూ ఆలోచించలేదు.

ఆవిడ వెళ్లాక క్యాలెండర్ తీశాను. బియ్యం డబ్బా నింపిన రోజు అందులో రాసుకుంటాను కదా. మీరున్నప్పుడు డబ్బా ఇరవై రోజులు వచ్చేది. మీరు వెళ్లి పద్నాలుగు నెలలైనా ఇరవై రోజులే వస్తోంది.

కిందటి ఉత్తరంలో ఉండమన్నాను. అది రాసిన పూట కూడా ఇద్దరికే వండాను. ఆ మాట మరిచిపోండి. గడువు పెంచే కాగితం మీద సంతకం పెట్టకండి. బయలుదేరే తేదీ రాస్తే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుంటాను.

మీ భార్య